గర్జన, మలయ, పైడమ్మ పెరుగు

నమోదు 1

వెన్నెలపాలెంలో వెన్నెల ఉండదు. పేరు పెట్టినవాళ్ళు భూమ్మీద కూర్చుని పెట్టారు. మేముండేది చంద్రుడి పొట్టలో, రాతి సొరంగంలో. పైకెళ్ళి తలెత్తితే కనబడేది భూమి. ఫిర్యాదు చేద్దామంటే పెట్టినవాళ్ళు పోయారు, పేరు మాత్రం ఉండిపోయింది.

నా పేరు శేషరత్నం. ఈ ఊరి ఆటపెట్టెల పరీక్షకురాలిని. మా ఊళ్ళో బియ్యం ఇచ్చినట్టే ఇంటికొక గేమ్ కన్సోల్ ఇస్తారు. సొరంగంలో బతికే మనిషికి ఆట లేకపోతే మతి పోతుందని మొదట వచ్చినవాళ్ళకే తెలిసింది. విడిభాగాలు భూమి నుంచి రావాలి కాబట్టి ఊరంతటికీ ఒకే రకం పెట్టె. ఏ రకం అన్నది ఆడి, విప్పి, కొలిచి చెప్పేది నేను. నేను చెప్పాక ఊరి సభ ఇంతవరకు కాదనలేదు. కాదనాలంటే నాకన్నా బాగా ఆడాలి. అలాంటివాళ్ళు ఇక్కడ లేరు.

ఇవాళ సరుకు రాకెట్టులో మూడు కొత్త పెట్టెలు నమూనాకి వచ్చాయి. వాటి పేరు మలయ. ఇప్పుడు ఇళ్ళలో ఉన్నది గర్జన. గర్జన తయారీ ఆపేస్తున్నారట. మిగిలిన సరుకు కావాలంటే అది పంపుతారు, వద్దంటే కొత్తవి పంపుతారు. మనుషులు దిగే, మనుషులు ఎక్కే పెద్ద నౌక త్వరలో రాబోతోంది. అందులో ఏది ఎక్కించాలో సభ తేల్చి భూమికి కబురు పెట్టాలి.

మలయ ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. ఒకటి మా వరస చివరింట్లో ఉండే నూకరాజుకి ఇచ్చాను. అతను ఊరి నీళ్ళ పంపు గది చూస్తాడు, వస్తువుని జాగ్రత్తగా వాడే మనిషి. మూడోది సభ కార్యదర్శి వామనరావుగారు అడిగి మరీ తీసుకున్నారు. ఊరి బాధ్యతగా తీసుకుంటున్నానన్నారు. వాళ్ళావిడకి కారు పందేల పిచ్చి అని ఎవరికి తెలియదు?

నమోదు 2

ఇక పోలిక. వారమంతా రెండు పెట్టెల మీదా అవే ఆటలు ఆడాను. అలసిపోయానని రాయను, ఎందుకంటే అలసిపోలేదు.

ముందు బొమ్మ. గర్జనలో సముద్రం నీలం రంగు పూసిన రేకులా ఉంటుంది. మలయలో సముద్రం చూసి కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుండిపోయాను. భీమిలి ఒడ్డున అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసక మీద ఒక మెరుపు నిలుస్తుందే, ఆ మెరుపు ఉంది. నేను దాన్ని చిన్నప్పుడు చూశాను, మళ్ళీ చూస్తాననుకోలేదు.

వేగం సంగతి చెప్పనక్కర్లేదు. గర్జనలో ఆట తెరుచుకునేలోపు ఒక కునుకు తీయొచ్చు. మలయలో ఇంకా సర్దుకుని కూర్చోకముందే శత్రువు మీద పడతాడు. పాత ఆటలు మలయ మీద దాదాపు అన్నీ నడుస్తున్నాయి. ఎక్కడ ఆపామో ఆ గుర్తులు కూడా వచ్చేస్తున్నాయి. అయితే గర్జనతో నాలుగు కంట్రోలర్లు ఇచ్చేవాళ్ళు, మలయతో రెండే ఇస్తున్నారు. ఇది పిసినారితనం. నలుగురున్న ఇంట్లో రెండు కంట్రోలర్లంటే ఇద్దరు అలుగుతారు. మార్కులు కోశాను.

చప్పుడు. గర్జన ఫ్యాను తిరుగుతుంటే పక్కన మనిషి పిలిచినా వినబడదు. మలయకి ఫ్యానే లేదు. వెనక సన్నటి గొట్టం ఉంది. గోడలో పోయే నీళ్ళ పైపుకి దాన్ని తగిలిస్తే చాలు. నాకు నేనే బిగించుకున్నాను, ఎవరినీ పిలవలేదు.

తర్వాత పొగ. గర్జన ఫ్యానులోకి చంద్రధూళి చేరుతుంది. ఆమధ్య రెండో వరసలో ఒక పెట్టె పొగ చిమ్మింది. భూమ్మీదైతే కిటికీ తెరుస్తారు. ఇక్కడ కిటికీ తెరవడం అన్నది లేదు. ఆ ఇంటి పిల్ల ఇప్పటికీ దగ్గుతూనే ఉంది. గర్జనకి ఈ అంశం కింద సున్నా వేశాను.

ఆఖరికి వేడి. గర్జన పైన అరచెయ్యి ఆనించలేం. దాని మీద జనం గిన్నెలు పెట్టుకుంటారు, యంత్రానికి అంతకన్నా అవమానం ఉండదు. మలయ మాత్రం ఎంతసేపు ఆడినా కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. దానికి పూర్తి మార్కులు.

నా తీర్పు మలయ. సంతకం పెట్టి వామనరావుగారికి పంపించేశాను. హాయిగా ఉంది.

నమోదు 3

గిన్నెల సంగతి రాయకపోతే ఇక్కడినుంచి జరిగేది అర్థం కాదు.

మా ఇళ్ళలో పొయ్యిలుండవు. అన్నం, కూర ఉమ్మడి వంటశాల నుంచి వస్తాయి. ఇంటికిచ్చే కరెంటు మూడు వాటాలు: గాలికి, దీపాలకి, ఆటకి. ఒక వాటా మరొక పనికి వాడితే మీటరు పసిగట్టి ఆపేస్తుంది. గోడలు రాయి, ఎప్పుడూ చలే. ఆ చలిలో పాలు తోడుకోవు. వంటశాల పొయ్యిలేమో ఎప్పుడూ ఖాళీ ఉండవు. పెరుగులేని ముద్దతో లేస్తే భోజనం చేసినట్టా? ఊరివాళ్ళు ఆ బాధ చాలాకాలం పడ్డారు.

అప్పుడు మా పక్కింటి పైడమ్మక్క ఒకరోజు తన గర్జన మీద పాలగిన్నె పెట్టింది. సాయంత్రానికి గడ్డపెరుగు. మీటరుకి అనుమానం రాలేదు, ఎందుకంటే కరెంటు ఆటకే పోతోంది.

అప్పటినుంచి ఇదే పద్ధతి. పొద్దున్నే ఆవిడ బండి తోసుకుంటూ వస్తుంది. తోడేసిన పాలగిన్నెని ఇంటింటి ఆటపెట్టె మీదా పెట్టి గుడ్డ చుడుతుంది. సాయంత్రం తోడుకున్న గిన్నెలు పోగుచేసి వంటశాలకి చేరుస్తుంది. ఆటని బట్టి పెరుగు. యుద్ధం ఆటలాడే ఇంట్లో పెట్టె మండిపోతుంది, పెరుగు పులుస్తుంది. చేపలు పట్టే ఆట ఆడే ఇంట్లో కమ్మగా వస్తుంది. భోజనాల దగ్గర మూత తీసేసరికి అందరూ అడిగేది ఒకటే, "ఇవాళ ఏ ఇంటి పెరుగు?" అని. వీళ్ళింటి పెరుగు పుల్లన, మా అమ్మాయిని ఇవ్వం అని ఒకాయన సంబంధం తిరగ్గొట్టాడు కూడాను.

నా పెట్టె మీద మాత్రం నేనెప్పుడూ గిన్నె పెట్టనివ్వలేదు. పరీక్ష యంత్రం మీద పాలగిన్నేమిటి?

ఇవాళ సాయంత్రం పైడమ్మక్క గిన్నె పట్టుకుని నా గుమ్మంలో నిలబడింది. అందులో పాలు పాలలాగే ఉన్నాయి. మలయ తీసుకున్న రెండిళ్ళవాళ్ళూ నిన్ననే పాత గర్జనలు పక్కన పెట్టేశారు.

"ఇదేటే రత్నం, సెక్రటరీగారింట్లో పెట్టిన గిన్నె. పొద్దున్న ఎలాగెట్టానో అలాగే ఉంది. నూకరాజింట్లోనూ అంతే. ఆ కొత్త పెట్టి సచ్చిపోనాదేటి?"

"చావలేదక్కా. అది చల్లగా ఉంటుంది. అదే దాని గొప్ప."

ఆవిడ గిన్నెలోకి చూసింది, తర్వాత నా మొహంలోకి చూసింది. "ఇందులో గొప్పేటి?" అంది.

గిన్నె అందుకుని నేనూ అందులోకి చూశాను.

నమోదు 4

వామనరావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడే, కాకపోతే రూలు తప్ప ఇంకేం తినని మనిషి.

"పెరుగు తోడుకోవడం అనే అంశం మన పోలిక పత్రంలో లేదండీ శేషరత్నంగారూ," అన్నారు.

"లేదని నాకు తెలుసు. పత్రం రాసింది నేనే. పైడమ్మక్క పని ఏమవుతుందని అడుగుతున్నాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆవిడ పని ఇంటింటికీ గిన్నెలు పెట్టి తేవడం. మలయ వస్తే ఆ పని ఉండదు. వయసు దాటినవాళ్ళకి పని లేకపోతే తిరుగు నౌకలో పంపెయ్యాలని మొదటినుంచీ ఉన్న నిబంధన. గాలి అందరికీ సరిపోవాలి కదండీ. నాకేం సరదానా?"

ఆ నిబంధన మీద నేనూ ఎప్పుడో చెయ్యెత్తి ఓటేశాను. అప్పుడు ఎవరి ముఖమూ గుర్తుకు రాలేదు.

భూమికి పంపడమంటే పుట్టింటికి పంపడం కాదు. పైడమ్మక్క ఇక్కడికొచ్చి ఎంతకాలమైందో ఆవిడే మర్చిపోయింది. ఇక్కడ బరువు తక్కువ, ఎముకలు దానికే అలవాటు పడ్డాయి. భూమి బరువుకి ఆవిడ మోకాళ్ళు నిలబడవని డాక్టరమ్మ ఎప్పుడో తేల్చేసింది. దిగిన రోజే మంచం. ఆ మంచం మీంచి ఇక లేవడం ఉండదు. ఇక్కడేమో పాలబండి తోస్తూ నాకన్నా జోరుగా నడుస్తుంది.

తిరిగొచ్చేసరికి ఆవిడ నా ఇంట్లో కూర్చుని ఉంది. విషయం తెలిసిపోయింది. ఈ ఊళ్ళో గోడలు రాయివే గానీ మాటలు ఆగవు.

"రత్నం, నానెప్పుడూ నిన్నేటీ అడగలేదు," అంది. "ఒక్క మాట మార్సలేవేటి? గర్జనే మంచిదని రాసీ. నువ్వు రాత్తే ఎవులూ కాదనరు."

అది నిజమే. గర్జనల చివరి సరుకు తెప్పిస్తే ఇంకో పదేళ్ళు గడిచిపోతుంది. ఆవిడ వయసుకి పదేళ్ళు చాలు.

"రాయలేనక్కా. రెండో వరస పిల్ల దగ్గు నువ్వూ వింటున్నావు కదా."

"ఇంటన్నాను," అంది. "ఆ గుంటకి రోజూ మజ్జిగ నానే అట్టుకెల్తాను." లేచి వెళ్ళిపోయింది. కోపగించుకోలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇది పరీక్షల నమోదు కాబట్టి రాయకూడదేమో గానీ, నాకు ఏడుపొచ్చింది. కాసేపు ఏడ్చాను. తర్వాత మొహం కడుక్కుని మలయని విప్పాను.

నమోదు 5

నా తలకాయకి ముందే తట్టాల్సింది.

గర్జన ఎంత కరెంటు తాగుతుందో మలయ కూడా అంతే తాగుతోంది. నేనే కొలిచి పత్రంలో రాశాను. తాగిన కరెంటు ఎక్కడో ఒకచోట వేడిగా బయటపడి తీరాలి. గర్జన దాన్ని ఫ్యానుతో గదిలోకి ఊదుతుంది. మరి మలయ ఆ వేడిని ఏం చేస్తోంది? చల్లగా ఉందని పూర్తి మార్కులు వేశానే తప్ప వేడి ఎక్కడికి పోయిందని అడగలేదు. పరీక్షకురాలినట.

వెనకున్న గొట్టం పట్టుకుని చూశాను. గోరువెచ్చన. అది గోడలోని పైపులో కలుస్తుంది. ఆ పైపు వరసలో ఇళ్ళన్నీ దాటుకుంటూ పంపు గదికి వెళ్తుంది. అక్కడినుంచి నీళ్ళు పైకి పోయి, చల్లారి, మళ్ళీ ఇళ్ళకొస్తాయి. మలయ వేడినంతా నీళ్ళకి అప్పగించి చేతులు దులుపుకుంటోంది.

నూకరాజుని వెంటబెట్టుకుని పంపు గదికి వెళ్ళాను. ఊళ్ళో అన్ని వరసల పైపులూ వచ్చి చేరే చోటది. పైపు మీద చెయ్యి పెట్టాను. మంచులా ఉంది. నాది ఆపేసి వచ్చాను, మిగిలిన రెండు పెట్టెల వేడి దారిలోనే చల్లారిపోతోంది. అవి చెరో మూలా ఉన్నాయి మరి, వామనరావుగారి ఇల్లు ఊరికి అవతలి చివర.

"నూకరాజూ, ఊరంతా మలయలే ఉండి, అందరూ ఒకేసారి ఆడితే ఈ పైపు ఎలా ఉంటుంది?"

అతను గడ్డం గోక్కున్నాడు. "కాలిపోతాదండి."

"కాలిపోకుండా, చెయ్యి పెడితే హాయిగా ఉండేలా నీళ్ళ ధార సరిచెయ్యగలవా?"

"సెయ్యగలనండి. ఎందుకండి?"

"గిన్నెలు పెట్టడానికి."

అతని మొహం చూడాలి. "పంపు గదిలో తినే వస్తువులెట్టకూడదని రూలుందండి," అన్నాడు.

"నీళ్ళు తాగమా? అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?" అన్నాను. అతను ధార తిప్పే మర వైపు నడిచాడు.

నమోదు 6

సభకి ముందే రుజువు చూపించాలి. మూడు మలయల్నీ పంపు గదికి దగ్గరగా ఉన్న మూడిళ్ళలో పెట్టాలి. మొదటిది నూకరాజుది, తర్వాతది పైడమ్మక్కది, ఆ పక్కది నాది. ఒకటే కొరత, వామనరావుగారి దగ్గరున్నది రావాలి. ఆయన ఇస్తానన్నారు. వాళ్ళావిడ ఇవ్వనంది. పందెం మధ్యలో ఉందట. ఆ పందెం నేను గెలిపించి పెట్టి పెట్టెని చంకన పెట్టుకొచ్చాను.

పైడమ్మక్కకి చెప్పాను. నమ్మకంగా వినలేదు గానీ కాదనలేదు. "నా ఇంట్లో ఎవులాడతారు?" అంది.

"నువ్వే."

"నానా? నాకు గిన్నెలు మొయ్యడమే తెలుసు."

ఇన్నేళ్ళూ ఊరంతటి ఆటల మీదా గిన్నెలు పెట్టిన మనిషి ఒక్కసారీ కంట్రోలర్ పట్టుకోలేదు. తీరికేదీ? చేపల ఆట పెట్టి, గాలం ఎలా వెయ్యాలో చూపించాను. మొదటి గాలం తన పడవకే తగిలించుకుంది.

పొద్దున్నే పంపు గదిలో పైపు మీద గిన్నె పెట్టి పాత కంబళి చుట్టాం. వంటశాలవాళ్ళు పాలపొడి రెండు విడతలకి మాత్రమే ఇచ్చారు. అంతకన్నా వాటా లేదన్నారు. నూకరాజు ధార సన్నం చేశాడు. అతనింట్లో అతని భార్య సింహాచలం కూర్చుంది. నేను కోట యుద్ధం ఆట పెట్టాను. మలయని అన్నిటికన్నా మండించే ఆట అదే.

సాయంత్రం కంబళి విప్పితే అడుగున జిగురు, పైన నీళ్ళు.

పైడమ్మక్క పైపు తడిమి చూసింది. తర్వాత మూడిళ్ళకీ వెళ్ళింది. సింహాచలం ఇంకా ఆడుతూనే ఉంది. తనింట్లో తన పడవ బోల్తాపడి ఉంది గానీ ఆట నడుస్తూనే ఉంది. నా ఇంట్లో తెర మీద బంగారు కిరీటం మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది.

"నువ్వు ఆపీసావా?" అంది.

"ఆపలేదక్కా. గెలిచాను. మధ్యాహ్నమే."

"గెలిత్తే?"

"గెలిస్తే ఆట అయిపోతుంది. తర్వాత ఆ కిరీటం తిరుగుతుంటుంది. చూసుకుంటూ కూర్చున్నాను." చెబుతుంటేనే నాకు అర్థమైంది. కిరీటం తిప్పడానికి పెట్టె ఏమీ కష్టపడక్కర్లేదు. నా పైపు చల్లారి, మిగతా రెండిళ్ళ వేడినీ ముంచేసింది.

ఆవిడ నా ఎదురుగా కూలబడింది. గట్టిగా అరుస్తుందనుకున్నాను. నెమ్మదిగా అడిగింది. "నువ్వు గెలవకుండా ఆడలేవేటి?"

నన్ను ఎవరూ ఎప్పుడూ ఈ ప్రశ్న అడగలేదు. ఒళ్ళు మండింది. ఇంకో ఆట పెట్టుకుంటాను, ఇంకోటి గెలుస్తాను అన్నాను. గెలిచిన ప్రతిసారీ నీ మిషను కునుకు తీస్తాది కదా అంది. ఆ మాట నిజం. అంత వేడెక్కించే ఆట ఇంకోటి లేదు కూడా.

"సరే," అన్నాను. ఆ ఒక్క మాట అనడం ఎంత కష్టమైందో ఇక్కడ రాయకుండా ఉండలేను.

నమోదు 7

ఇవాళ నేను రోజంతా గెలవలేదు.

పొద్దున్నే కోట యుద్ధం తెరిచి నేరుగా ఆఖరి రాక్షసుడి దగ్గరికి వెళ్ళాను. నిన్న వాణ్ణి మూడు దెబ్బల్లో కూల్చాను. ఇవాళ వాడి చుట్టూ తిరిగాను. వాడు నిప్పులు కక్కుతుంటే పక్కకి తప్పుకున్నాను. కత్తి ఎత్తి, గురి చూసి, దించేశాను. వాడికి ప్రాణం కొనకొచ్చినప్పుడల్లా ఆగి, వాడు కోలుకునేదాకా చెట్టు చాటున నిలబడ్డాను. చేతులు వాటంతట అవే బటన్ల మీదికి పోతుంటే లాక్కోవాల్సి వచ్చింది. మధ్యమధ్య వాడి చేతిలో చచ్చాను కూడా. చచ్చినప్పుడు తెరలోంచి వెటకారంగా ఒక నవ్వు వినబడుతుంది. ఆ నవ్వు ఉందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

పైడమ్మక్క గొంతు గోడ అవతలి నుంచి వస్తూనే ఉంది.

"రత్నం, సత్తన్నావా?"

"చస్తున్నానక్కా."

"సత్తుండు. ఆపకు."

మధ్యాహ్నం అన్నం నూకరాజు నోటికందించాడు. ముద్ద మింగుతూ కూడా రాక్షసుణ్ణి బతికించాను. ఒకసారి వాడు తనంతట తానే కాలుజారి లోయలో పడబోయాడు. కంగారుపడి అడ్డం వెళ్ళి నేను పడ్డాను. నా బతుకులో ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదని నా అభిప్రాయం. గెలవడానికి చేతులు చాలు. గెలవకుండా నిలబడాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఇవాళ అన్నిటికన్నా వేడెక్కిన గొట్టం ఎవరిదని అడిగితే, పైడమ్మక్కది. చేపల ఆట మెత్తటి ఆటని నేను చెప్పినా వినకుండా, వామనరావుగారి భార్య ఆ పెట్టెలో దాచుకున్న కారు పందెం పెట్టుకుంది. రోజంతా గోడలకి గుద్దుకుంది. గుద్దుకున్నప్పుడల్లా ముక్కలు, నిప్పురవ్వలు, పొగ. మలయకి ఊపిరాడలేదు.

సాయంత్రం అందరం పంపు గదిలో చేరాం. పైడమ్మక్క కంబళి విప్పింది. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి గిన్నె వంచితే పాలు కూడా తీరిగ్గా జారతాయి. వంచి చూడడం రుజువు కాదు. అందుకని ఆవిడ గరిట దింపి కోసింది. కోసిన ముక్క అంచులు విరగకుండా నిలబడింది. పక్కన తేట నీరు ఊరింది.

ఆవిడ ఇంకా నోట్లో పెట్టుకోలేదు. గరిట పట్టుకునే ఏడ్చింది. సింహాచలం కూడా ఏడ్చింది. నేను రాక్షసుడి గురించి ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

నమోదు 8

సభ జరిగింది. నా పోలిక పత్రాన్ని నేనే మళ్ళీ చదివాను. మలయకి వేసిన మార్కులు మార్చలేదు, ఒక్క వేడి దగ్గర తప్ప. 'వేడి లేదు' అన్నది కొట్టేసి 'వేడి ఉంది, ఊరు కలిసి వాడుకోవాలి' అని రాశాను.

"గర్జన ఒక్క ఇంటికి సరిపోయే పెట్టె," అని చెప్పాను. "తలుపేసుకుని ఎవరి గిన్నె వాళ్ళు తోడుపెట్టుకోవచ్చు. మలయ అలా కుదరదు. నేనొక్కదాన్నే ఆడితే నా వేడి దారిలోనే పోతుంది. వరస వరసంతా ఒక వేళ కూర్చుని ఆడితే ఊరికి సరిపడా పెరుగు పంపు గదిలో తోడుకుంటుంది. పొగ ఉండదు. కాకపోతే ఎవరెప్పుడు ఆడాలో చెప్పి, పైపు తడిమి చూసి, గిన్నెలు మార్చడానికి ఒక మనిషి ఉండాలి. అది తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు."

వామనరావుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, పంపు గదిలో పెరుగు పని అనేది పనుల పట్టీలో లేదన్నారు. రాసుకోండి అన్నాను. దానికి సభ ఒప్పుకోవాలన్నారు. సభ ఇక్కడే కూర్చుంది కదండీ అన్నాను.

పైడమ్మక్క లేచింది. గిన్నె మూత తీసి, అందరికన్నా ముందు ఆయనకే వడ్డించింది. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. ఇంకో చెంచా పెట్టుకున్నారు. రూలు సంగతి మర్చిపోయి, రోజూ భోజనాల దగ్గర అడిగినట్టే అడిగారు.

"ఇవాళ ఏ ఇంటి పెరుగమ్మా?"

"మూడిళ్ళదీని బాబూ," అంది పైడమ్మక్క. "ఒకలాపినా తోడుకోదు."

రెండో వరస పిల్ల తండ్రి ముందుగా చెయ్యెత్తాడు. తర్వాత వామనరావుగారి భార్య ఎత్తింది, మళ్ళీ పెట్టె ఎప్పుడిస్తారని అడుగుతూనే. ఆపైన లెక్కపెట్టక్కర్లేకపోయింది. మలయలు పంపమని భూమికి కబురు వెళ్ళింది, ఇంటికి నాలుగు కంట్రోలర్లు ఉండాలన్న షరతుతో. ఆ షరతు నాది. పనుల పట్టీలో పైడమ్మక్క పేరు ఎదురుగా కొత్త పని రాశారు.

నమోదు 9

నౌక వచ్చింది. మలయలు దిగాయి. ఇంటింటికీ తిరిగి గొట్టాలు నేనే బిగించాను. అందరికీ ఆడడం నేర్పాను, ఎవరికీ గెలవడం నేర్పలేదు. నా జన్మలో ఇలాంటి పాఠం చెబుతాననుకోలేదు. ఇప్పుడు ఊళ్ళో నా అంత తెలివిగా ఓడేవాళ్ళు లేరు. ఒక్కరు తప్ప.

ఇవాళ నౌక తిరిగి బయల్దేరింది. పైన గాలి లేదు కాబట్టి చప్పుడు రాదు, కాళ్ళ కింద రాయి వణుకుతుంది. అది వణికినప్పుడు నేను పైడమ్మక్క ఇంట్లో ఉన్నాను. మా వరస ఆట వేళ. ఆవిడ తెరకి మొహం ఆనించినంత దగ్గరగా కూర్చుని, కంట్రోలర్‌తో పాటు ఒళ్ళంతా వంచి కారు మలుపు తిప్పుతోంది. కారు నేరుగా గోడలోకి పోయింది.

"అది ఎలిపోనాదేటి?" అంది, తల తిప్పకుండా.

"వెళ్ళిపోయిందక్కా."

ఆవిడ చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ కారు ఎత్తి దారిలో పెట్టుకుంది.

"మరైతే గిన్నెల కాడికి నువ్వెల్లు. నాకు కుదరదు. ఇక్కడ ఓడిపోతన్నాను."